మెదడుకు దెబ్బ, కాళ్లలో బిగుతు: ఆపరేషన్ దేనికి, ఎవరికి?

క్లుప్తంగా

సెరిబ్రల్ పాల్సీ (పుట్టకముందో, పుట్టినప్పుడో, పసితనంలోనో మెదడు దెబ్బతిని వచ్చే కదలికల లోపం), పక్షవాతం, తలకు బలమైన గాయం... మెదడు ఏ కారణంగా దెబ్బతిన్నా చాలామందిలో కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. దీన్ని వైద్యులు స్పాస్టిసిటీ అంటారు. దీనికి ఆపరేషన్లు ఉన్నాయి. అయితే వాటిలో ఏదీ దెబ్బతిన్న మెదడును బాగుచేయదు. కొన్ని వెన్నులో, కొన్ని నరాల మీద, కొన్ని కండరాలు, ఎముకల మీద చేస్తారు. బిగుతు నరాల అతిస్పందన వల్ల వస్తోందా, కండరమే కురచబడిపోయిందా అన్నదాన్ని బట్టి ఆపరేషన్ మారుతుంది. మనిషిని సరిగా ఎంచుకోకుండా చేస్తే మంచి ఆపరేషన్ కూడా ఉన్న నడకను చెడగొట్టవచ్చు. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ సాగకపోతే ఫలితం మధ్యలోనే ఆగిపోతుంది.

ముగ్గురు డాక్టర్లు, మూడు మాటలు

నెలలు నిండకుండా పుట్టి, ఐదేళ్లొచ్చినా మునివేళ్ల మీదే నడిచే పిల్లవాణ్ని ఎత్తుకుని జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే తల్లిదండ్రులకు తరచూ ఒక చిక్కు ఎదురవుతుంది. పిల్లల న్యూరాలజిస్టు "పిక్కల్లో కండరం వదులయ్యే బొటాక్స్ ఇంజెక్షన్ ఇద్దాం, ఫిజియో మాత్రం మానకండి" అంటారు. ఎముకల డాక్టరు "మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) సాగదీస్తే పాదం నేలకు ఆనుతుంది" అంటారు. న్యూరోసర్జన్ "నడుము దగ్గర వెన్నులో ఆపరేషన్ చేస్తే కాళ్ల బిగుతు శాశ్వతంగా తగ్గుతుంది" అంటారు. ఇంటికెళ్లేసరికి బంధువులెవరో వాట్సాప్‌లో స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స వీడియో పంపి ఉంటారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ మొదలవుతుంది.

మొదటి ముగ్గురి మాటల్లోనూ నిజం ఉండవచ్చు. ముగ్గురూ ఒకే పిల్లవాడిలో మూడు వేర్వేరు చోట్లను చూస్తున్నారు. ఏ చోట అసలు ఇబ్బంది ఉందో తేలకుండా "ఏ ఆపరేషన్ మంచిది?" అని అడిగితే జవాబు దొరకదు. అందుకే ముందు బిగుతు ఎలా పుడుతుందో తెలుసుకోవాలి.

మెదడు అదుపు తప్పిన వలయం

డాక్టరు మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో తడితే కాలు దానంతటదే ఎగురుతుంది. తొడ ముందు కండరం ఒక్కసారిగా సాగడంతో, అందులోని స్పిండిల్స్ అనే సూక్ష్మమైన సెన్సర్లు ఆ సంగతిని నరం ద్వారా వెన్నుపాముకు చేరవేస్తాయి. ఈ కబురు తెచ్చే నరాలు వెన్నుపాములోకి వెనక వైపు నుంచి ప్రవేశిస్తాయి. కబురు అందగానే వెన్నుపాములోని నాడీకణం "బిగుసుకో" అని ఆజ్ఞ జారీ చేస్తుంది. ఆ ఆజ్ఞ ముందు వైపు నరం గుండా తిరిగి కండరానికి వెళ్తుంది. ఈ వలయం తిరగడానికి మెదడుతో పని లేదు. అది అతిగా స్పందించకుండా చూడటమే మెదడు పని.

మెదడు నుంచి కిందికి వచ్చే దారులు దెబ్బతింటే ఆ అదుపు పోతుంది. కండరం కాస్త వేగంగా సాగితే చాలు, వలయం అవసరానికి మించి స్పందిస్తుంది. ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా బిగుస్తుంది. 1980లో ఆస్ట్రేలియా న్యూరాలజిస్టు జేమ్స్ లాన్స్ స్పాస్టిసిటీకి ఇచ్చిన నిర్వచనంలో కీలకం ఈ వేగమే. ఇప్పటికీ ఆ నిర్వచనాన్నే ఎక్కువగా వాడుతున్నారు.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఏ అవయవం బిగుస్తుందో తేలుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మెదడు లోపలి ద్రవపు గదుల పక్కనున్న భాగం సులభంగా దెబ్బతింటుంది. కాళ్లకు వెళ్లే నాడీ తంతువులు ఆ గదులకు అతి దగ్గరగా సాగుతాయి. చేతులవి కాస్త దూరంగా ఉంటాయి. అందుకే ఈ పిల్లల్లో కాళ్లు బాగా బిగుసుకుంటాయి, చేతులు చాలావరకు పనిచేస్తాయి. స్పాస్టిక్ డైప్లీజియా అంటే ఇదే. పక్షవాతంలో అయితే మెదడుకు ఒక వైపు దెబ్బ తగిలి, శరీరంలో రెండో వైపు చేయి, కాలు బిగుసుకుంటాయి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ పరిస్థితి వస్తుంది. మోచేయి మడుచుకుపోతుంది, గుప్పిట మూసుకుపోతుంది, పాదం లోపలికి తిరుగుతుంది.

ఈ వలయాన్ని ఎక్కడ తెంచినా బిగుతు తగ్గుతుందన్న ఆలోచన పాతదే. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1898లో పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో వెన్నుపాము వెనక నరమూలాలు కోస్తే కాళ్ల బిగుతు వదిలిపోయింది. దాని ఆధారంగా జర్మన్ వైద్యుడు ఫోయెర్‌స్టర్ 20వ శతాబ్దం మొదట్లోనే మనుషులకు ఆపరేషన్ మొదలుపెట్టారు. బిగుతు తగ్గింది కానీ నరాలను మొత్తంగా కోసేయడంతో స్పర్శ కూడా పోయేది. ఎంత కోయాలి, ఏది వదిలేయాలి అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇంకో 70 ఏళ్లు పట్టింది.

బిగుతులన్నీ ఒకటి కావు

ఆపరేషన్ ఆలోచనకు ముందు జరగాల్సిన పరీక్ష ఖరీదైనది కాదు. పిల్లవాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు చాచి, మడమ పట్టుకుని పాదాన్ని చాలా నెమ్మదిగా పైకి వంచుతారు. ఎంతవరకు వెళ్తుందో కోణం కొలుస్తారు. అదే పనిని రెండోసారి వేగంగా చేస్తారు. ఈసారి పాదం మధ్యలో ఎక్కడో టక్కున తట్టుకుని ఆగుతుంది. ఆ కోణాన్నీ రాసుకుంటారు. రెండు కోణాల మధ్య తేడా ఎక్కువగా ఉంటే అది నరాల అతిస్పందన. నెమ్మదిగా వంచినా అక్కడే ఆగిపోతుంటే కండరం కురచబడిందని అర్థం. దీన్ని టార్డ్యూ పరీక్ష అంటారు. నరాల మీద చేసే ఆపరేషన్ మొదటిదానికి పనికొస్తుంది, రెండోదానికి పనికిరాదు. చాలామంది పిల్లల్లో రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎంత అన్నది తేల్చడంలోనే డాక్టరు అనుభవం తెలుస్తుంది.

మూడోది డిస్టోనియా. బిడ్డ నవ్వినా, ఏడ్చినా, ఏదైనా అందుకోబోయినా బిగుతు మారిపోతుంది, ఒళ్లు మెలికలు తిరుగుతుంది, నిద్రపోతే వదులైపోతుంది. పుట్టినప్పుడు తీవ్రమైన కామెర్లు వచ్చినవారిలో, ఆక్సిజన్ అందనివారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ లోపం వెన్నుపాము వలయంలో కాక మెదడు లోతుల్లోని కణసమూహాల్లో ఉంటుంది. దీన్ని స్పాస్టిసిటీ అనుకుని నరమూలాలు కోస్తే ఫలితం దక్కదు. పిల్లవాడు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు, ఆడుకుంటున్నప్పుడు ఫోన్‌లో తీసిన వీడియోలు ఈ తేడా పట్టుకోవడానికి డాక్టర్లకు బాగా పనికొస్తాయి. ఓపీలో భయపడి బిగుసుకుపోయిన బిడ్డను ఐదు నిమిషాలు చూస్తే అది తెలియదు.

అన్నింటికన్నా మోసం చేసేది బిగుతు వెనక దాక్కున్న బలహీనత. మెదడు నుంచి ఆజ్ఞ సరిగా రాకపోవడం వల్ల కండరంలో బిగుతుతో పాటు నీరసం కూడా ఉంటుంది. కొందరు ఆ బిగుతు మీదే నిలబడతారు, పక్కకు ఒరిగిన పందిరి ఒక్క గుంజ ఆసరాతో నిలబడ్డట్టు. ఆ గుంజ తీసేస్తే కింద బలం లేదని అప్పుడు బయటపడుతుంది. పక్షవాతం వచ్చిన పెద్దాయన బిగుసుకున్న కాలినే ఊతంగా చేసుకుని బాత్‌రూమ్ వరకు వెళ్లగలుగుతుంటే, ఆ బిగుతును పూర్తిగా తీసేయడం వైద్యం అనిపించుకోదు. బిగుతు ఎంత ఉందన్నది ఒక లెక్క, అది మనిషికి అడ్డుపడుతోందా ఆసరాగా ఉందా అన్నది ఇంకో లెక్క. ఆపరేషన్ నిర్ణయం రెండోదాని మీద ఆధారపడాలి.

పిల్లల్లో ఈ లెక్కకు జీఎంఎఫ్‌సీఎస్ అనే ఐదు స్థాయుల కొలమానం వాడతారు. ఒకటో స్థాయి పిల్లలు పరుగెత్తగలరు. రెండో స్థాయివారు సాయం లేకుండా నడుస్తారు కానీ మెట్లకు రెయిలింగ్ కావాలి. మూడో స్థాయివారికి వాకర్ అవసరం. నాలుగు, ఐదు స్థాయుల వారికి వీల్‌చెయిరే ఆధారం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఐదేళ్ల వయసుకల్లా తాము చేరుకోగల కదలికల సామర్థ్యంలో దాదాపు 90 శాతానికి చేరతారని కెనడాలో జరిగిన దీర్ఘకాల అధ్యయనం చూపింది. "ఆపరేషన్ చేస్తే మావాడు నడుస్తాడా?" అన్న ప్రశ్నకు జవాబు ఎక్కువగా ఈ స్థాయిలోనే ఉంటుంది. ఐదో స్థాయి బిడ్డను ఏ ఆపరేషనూ నడిపించదు. అలాగని ఆ బిడ్డకు ఆపరేషన్ దండగ అనుకోవడమూ పొరపాటే. డైపర్ మార్చడానికి కాళ్లు విడదీయగలగడం, నొప్పి లేకుండా రాత్రంతా నిద్రపోవడం, వీల్‌చెయిర్‌లో నిటారుగా కూర్చోగలగడం ఆ బిడ్డకూ, ఎత్తుకునే తల్లికీ చాలా పెద్ద మార్పులు.

ఆపరేషన్‌కు ముందు మెట్లు

ఫిజియోథెరపీ, కాలూ చేయీ సరైన స్థితిలో నిలిపే స్ప్లింట్లు, బిగుతు తగ్గించే బాక్లోఫెన్ వంటి మాత్రలు, బొటాక్స్ ఇంజెక్షన్లు ముందు వరసలో ఉంటాయి. మాత్రలు ఒళ్లంతటి మీదా పనిచేస్తాయి కాబట్టి మోతాదు పెంచేకొద్దీ మత్తు, నీరసం వస్తాయి. బొటాక్స్ నరం నుంచి కండరానికి వెళ్లే ఆజ్ఞను అడ్డుకుంటుంది. కొద్ది రోజుల్లో పని మొదలై సుమారు మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఆ వ్యవధిలో స్ప్లింట్ వేసి, కండరాన్ని సాగదీసి, ఎదురు కండరాన్ని బలపరిస్తేనే దానికి ఖర్చుపెట్టిన డబ్బు నిలుస్తుంది. ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికెళ్లి మళ్లీ నాలుగు నెలలకు రావడం వల్ల ఒరిగేది తక్కువ. ఒకటి రెండు కండరాలకైతే బొటాక్స్ చక్కగా సరిపోతుంది. రెండు కాళ్లలో అన్ని కండరాలూ బిగుసుకుంటే సురక్షితమైన మోతాదు చాలదు. ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిన సమయం అదే.

వెన్నులో పోగు పోగునూ పరీక్షించే ఆపరేషన్

సెలెక్టివ్ డోర్సల్ రైజాటమీ. డాక్టర్లు పొడి అక్షరాల్లో ఎస్‌డీఆర్ అంటారు. కండరం నుంచి కబురు తెచ్చే వెనక నరమూలాల్లో కొంత భాగాన్ని కోసి, వలయం తీవ్రతను తగ్గించడం ఇందులో జరిగే పని. ఆజ్ఞ తీసుకెళ్లే ముందు నరాలను తాకరు. కాబట్టి కదలిక పోదు.

ఇటలీలోని టురిన్‌లో ఫాసానో బృందం 1970లలో కోసే ముందు విద్యుత్తుతో పరీక్షించే పద్ధతి తెచ్చింది. 1980లలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వార్విక్ పీకాక్ ఆపరేషన్‌ను నడుము దిగువకు మార్చి మరింత సురక్షితం చేశారు. ఇప్పుడు చాలాచోట్ల ఒకటి రెండు వెన్నుపూసల వెనక భాగం మాత్రమే తెరుస్తున్నారు.

థియేటర్‌లో జరిగేది ఓపికతో కూడిన పని. పిల్లవాడు బోర్లా పడుకుని మత్తులో ఉంటాడు. కాళ్లలోని ముఖ్యమైన కండరాలన్నింటికీ ఎలక్ట్రోడ్లు అమరుస్తారు. సర్జన్ మైక్రోస్కోపు కింద ఒక్కో నరమూలాన్ని వెనకది ఏదో, ముందుది ఏదో గుర్తుపట్టి, వెనకదాన్ని మళ్లీ సన్నని పోగులుగా విడదీస్తారు. ఒక్కో పోగుకూ స్వల్పంగా కరెంటు ఇస్తారు. పక్కన కూర్చున్న న్యూరోఫిజియాలజిస్టు స్క్రీన్ మీద గీతలు చూసి చెబుతుంటారు. ఆ పోగుకు సంబంధించిన కండరం మాత్రమే కాసేపు కదిలి ఊరుకుంటే దాన్ని వదిలేస్తారు. స్పందన ఆ కాలంతా పాకినా, అవతలి కాలు కూడా బిగుసుకున్నా ఆ పోగు కోస్తారు. ఇలా నడుము నుంచి త్రికం (వెన్ను కింది ఎముక) వరకు రెండు వైపులా ప్రతి మూలానికీ చేస్తారు. సాధారణంగా సగం నుంచి మూడింట రెండు వంతుల పోగుల వరకు కోస్తారు. స్పర్శ నిలవడానికి మిగిలినవి సరిపోతాయి. మూత్రం, మలం అదుపుకు సంబంధించిన కింది పోగులను ప్రత్యేకంగా గుర్తించి కాపాడతారు.

ఫలితం ఎంత? 1990లలో కెనడా, అమెరికాల్లో జరిగిన మూడు యాదృచ్ఛిక అధ్యయనాలను (పిల్లలను చీటీ తీసినట్టు వర్గాలుగా విడదీసి చేసేవి) 2002లో కలిపి చూశారు. ఫిజియోథెరపీ ఒక్కటే చేసిన పిల్లలతో పోలిస్తే ఆపరేషన్, ఫిజియో రెండూ జరిగిన పిల్లల్లో బిగుతు స్పష్టంగా తగ్గింది. కదలికల సామర్థ్యంలో మాత్రం 100కు దాదాపు 4 పాయింట్ల అదనపు లాభమే కనిపించింది. బిగుతు తగ్గినంత గొప్పగా నడక మెరుగుపడదన్న సంగతి ఈ అంకెలో ఉంది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత అంటూ ఇంటర్నెట్‌లో కనిపించే వీడియోలు చూసి పెంచుకునే ఆశకూ, నిజంగా దక్కే ఫలితానికీ మధ్య ఉన్న దూరాన్ని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

అందుకే ఎంపిక కఠినంగా ఉంటుంది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఈ ఆపరేషన్‌ను 3 నుంచి 9 ఏళ్ల మధ్య, జీఎంఎఫ్‌సీఎస్ రెండు, మూడు స్థాయుల్లో ఉన్న పిల్లలకే చేయిస్తుంది. స్పాస్టిక్ డైప్లీజియా ఉండాలి, డిస్టోనియా ఉండకూడదు, కాళ్లలో సొంత బలం ఉండాలి, చెప్పింది విని వ్యాయామం చేసే ఓపిక ఉండాలి. కోసిన పోగులు తిరిగి అతకవు. అది ఈ ఆపరేషన్ బలమూ, భయమూ కూడా. ఆపరేషన్ అయిన వెంటనే పిల్లలు ముందుకన్నా బలహీనంగా కనిపిస్తారు. వాకర్‌తో నడిచినవాడు కొన్ని వారాలు నిలబడలేకపోవచ్చు. పాదాల్లో తిమ్మిరి, కొన్నాళ్లు మూత్రం ఇబ్బంది, కాలక్రమంలో వెన్ను వంకర వచ్చే అవకాశం ఉన్నాయి. ఆ నెలల్లోనే రోజూ ఫిజియో జరగాలి. ఆ ఏర్పాటు లేకుండా ఆపరేషన్ తేదీ తీసుకోవడం తొందరపాటు.

పొట్ట చర్మం కింద పంపు

ఒళ్లంతా బిగుసుకుని, డిస్టోనియా కూడా కలిసి, నడక ఆశ లేని పిల్లలకూ, తలకు గాయమై మంచాన పడ్డ యువకులకూ ఇంకో దారి ఉంది. బైక్ ప్రమాదాలు ఎక్కువగా జరిగే మన హైదరాబాద్‌లో ఈ రెండో రకం రోగులు తక్కువేమీ కాదు. బాక్లోఫెన్ మాత్రగా వేసుకుంటే వెన్నుపాముకు చేరేది చాలా తక్కువ. అదే మందును సన్నని గొట్టం ద్వారా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా పంపితే మాత్రలో వందో వంతు, అంతకన్నా తక్కువ మోతాదుతో పని జరుగుతుంది, మత్తు తక్కువ. అమెరికాలో 1992లో వెన్నుపాము జబ్బుల వల్ల వచ్చే బిగుతుకు, 1996లో మెదడు కారణంగా వచ్చే బిగుతుకు దీన్ని అనుమతించారు.

ముందు ఒక రోజు ట్రయల్ చేస్తారు. నడుములో సూదితో సాధారణంగా 50 మైక్రోగ్రాముల మందు ఇచ్చి, కొన్ని గంటల పాటు బిగుతు ఎంత వదిలిందో చూస్తారు. ఎస్‌డీఆర్‌కు లేని సౌకర్యం ఇది. చేయబోయేది ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. ఫలితం బాగుంటే అరచేతిలో పట్టే గుండ్రటి లోహపు పంపును పొట్ట చర్మం కింద అమరుస్తారు. మోతాదును బయట నుంచి ప్రోగ్రామర్‌తో పెంచవచ్చు, తగ్గించవచ్చు. పగలు కొంచెం తక్కువ, రాత్రి కొంచెం ఎక్కువ ఇచ్చేలా పెట్టవచ్చు. వద్దనుకుంటే తీసేయవచ్చు.

ఇబ్బంది అంతా నిర్వహణలో ఉంది. పంపులో మందును కొన్ని నెలలకోసారి సూదితో నింపాలి. బ్యాటరీ అయిపోయాక, అంటే ఐదు నుంచి ఏడేళ్లకు, పంపునే మార్చాలి. గొట్టం మడతపడటం, ఊడిపోవడం, ఇన్‌ఫెక్షన్ రావడం అరుదైన విషయాలు కావు. మందు హఠాత్తుగా ఆగిపోతే ప్రమాదం పెద్దది. ఒళ్లంతా దురద, అంతకుముందు లేనంత బిగుతు, తీవ్రమైన జ్వరం, స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణాపాయం. దీన్ని మామూలు జ్వరమనుకుని ఊళ్లో ఇంజెక్షన్ వేయించి పడుకోబెడితే సమయం చేజారుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. రీఫిల్ తేదీకి కచ్చితంగా రాగలమా, అర్ధరాత్రి అవసరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్న ప్రశ్నలు ఇక్కడ వైద్య ప్రశ్నలతో సమానం. పంపు ఖరీదు లక్షల్లో ఉంటుంది, అది ఒకసారితో పోయే ఖర్చూ కాదు.

నడక ఆశ లేక, బిగుతుతో పాటు భరించలేని నొప్పి కూడా ఉన్న కొద్దిమందికి వెన్నుపాములోకి నరాలు ప్రవేశించే చోటనే చిన్న గాట్లు పెట్టే డ్రెజాటమీ అనే ఆపరేషన్ ఉంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మార్క్ సిందూ 1972లో దీన్ని మొదలుపెట్టారు. నిపుణులు తక్కువ, అవసరమయ్యేవారూ తక్కువ.

ఒక్క పాదం, ఒక్క చేయి

పక్షవాతం వచ్చిన చాలామంది పెద్దలకు పంపు, ఎస్‌డీఆర్ అక్కర్లేదు. ఇబ్బంది ఒక్క పాదంలోనో, ఒక్క మోచేతిలోనో ఉంటుంది. అలాంటప్పుడు ఆ కండరానికి వెళ్లే నరపు శాఖల్లో సగానికి పైగా పోగులను కోసే న్యూరాటమీ సరిపోతుంది. పాదం లోపలికి తిరిగి, మడమ నేలకు ఆనక, చెప్పు నిలవనివారికి మోకాలి వెనక టిబియల్ నరపు శాఖల మీద చేసే ఆపరేషన్ ఎక్కువగా వాడుకలో ఉంది. ముందు అదే నరానికి మత్తుమందు ఇంజెక్షన్ ఇచ్చి కాసేపు నడిపించి చూస్తారు. ఆ గంటలో పాదం నేలకు ఆనితే ఆపరేషన్ తర్వాత కూడా ఆనుతుందని నమ్మవచ్చు. ఆనకపోతే కండరం కురచబడిందని, టెండన్ పని మిగిలి ఉందని తెలుస్తుంది. ఇంత చవకైన, ఇంత సూటిగా జవాబిచ్చే పరీక్ష ఉండగా, పాదం ఇక ఇంతేనని వదిలేసి రోగులు ఏళ్ల తరబడి కాలు ఈడ్చుకుంటూ తిరగడం విచారకరం.

చేయి విషయంలో గత దశాబ్దంలో పెద్ద చర్చకు దారితీసింది షాంఘైలోని హువాషాన్ ఆసుపత్రి చేసిన పని. మెడ నుంచి చేతికి వచ్చే ఐదు నరమూలాల్లో మధ్యదైన సీ7ను ఆరోగ్యంగా ఉన్న వైపు నుంచి తీసి, బిగుసుకున్న వైపు సీ7కు కలిపారు. ఆరోగ్యంగా ఉన్న మెదడు సగం రెండో చేతిని కూడా నడిపేలా చేయాలన్నది ఆలోచన. ఐదేళ్లకు పైగా చేయి పనిచేయని 36 మందిలో సగం మందికి ఆపరేషన్, సగం మందికి పునరావాస వ్యాయామాలు మాత్రమే చేశారు. ఏడాది తర్వాత చేతి పనితనం స్కోరు ఆపరేషన్ జరిగినవారిలో సగటున 17.7 పాయింట్లు, రెండో వర్గంలో 2.6 పాయింట్లు పెరిగిందని 2018లో ప్రచురించారు. తేడా చాలా పెద్దది. కానీ 36 మంది ఒకే కేంద్రంలో, అనుభవమున్న ఒకే బృందం చేతిలో పొందిన ఫలితం అది. బాగున్న చేతి నరాన్ని ముట్టుకునే ఆపరేషన్ కాబట్టి, ఎక్కడ చేసినా ముందు ఆ బృందం ఇప్పటివరకు ఎన్ని చేసిందో అడిగి తెలుసుకోవడం అవసరం.

కండరం, ఎముక దగ్గరికి వచ్చేసరికి

బిగుసుకున్న కండరం ఏళ్ల తరబడి సాగకపోతే ఎదగదు. ఎముక మాత్రం పెరుగుతూనే ఉంటుంది. తేడా పెరిగేకొద్దీ కీలు వంగిపోయి అలాగే ఉండిపోతుంది. తొడ ఎముక మెలి తిరుగుతుంది, తుంటి కీలు జారుతుంది. ఈ దశలో నరాల ఆపరేషన్ వల్ల కీలు తెరుచుకోదు. టెండన్ సాగదీయడం, ఎముకను కోసి సరైన దిశలో అమర్చడం ఆర్థోపెడిక్ సర్జన్ల పని.

పూర్వం ఈ ఏడాది మడమ, వచ్చే ఏడాది మోకాలు, ఆపై ఏడాది తుంటి అన్నట్టు ఒక్కొక్కటిగా చేసేవారు. ప్రతి పుట్టినరోజూ ఆసుపత్రిలోనే గడిచేది. ఇప్పుడు నడిచే పిల్లల్లో అవసరమైనవన్నీ కలిపి ఒకేసారి చేసే మల్టీలెవెల్ సర్జరీకి మొగ్గు చూపుతున్నారు. నడక తీరు కాస్త స్థిరపడే ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య దీన్ని ఎక్కువగా చేస్తారు. కోలుకోవడానికి ఏడాది పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక ప్రత్యేకంగా చెప్పాలి. రెండు కాళ్లూ బిగుసుకున్న చిన్నపిల్లవాడు మునివేళ్ల మీద నడుస్తున్నాడని మడమ వెనక టెండన్ ఒక్కటే ఎక్కువగా సాగదీస్తే, మొదట పాదం నేలకు ఆనుతుంది, అందరూ సంతోషిస్తారు. తొడ వెనక, తుంటి ముందు కండరాల బిగుతు అలాగే ఉంటుంది. పిక్క కండరం బలహీనమైపోవడంతో మోకాలి కింది కాలు ముందుకు ఒరుగుతుంది, మోకాళ్లు వంగుతాయి. రెండు మూడేళ్లలో పిల్లవాడు సగం కూర్చున్నట్టు నడవడం మొదలుపెడతాడు. బరువు పెరిగేకొద్దీ ఆ నడక కూడా కష్టమవుతుంది. దీన్ని తిరిగి సరిచేయడం చాలా కష్టం. మడమ ఆపరేషన్ చిన్నది, తక్కువ ఖర్చుది, దాదాపు ఎక్కడైనా చేస్తారు కాబట్టే దీనికి తొందరపడే అవకాశం ఎక్కువ.

తుంటి సంగతి ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి తుంటి కీలు గిన్నె నుంచి బయటికి జారుతుంది. ఐదో స్థాయి పిల్లల్లో ఇది 90 శాతం దాకా ఉన్నట్టు ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం చూపింది. మొదట్లో నొప్పి ఉండదు, బయటికి ఏమీ కనిపించదు. ఎక్స్‌రేలో మాత్రమే తెలుస్తుంది. 1994 నుంచి క్రమం తప్పకుండా ఎక్స్‌రేలు తీసే కార్యక్రమం నడిపిన స్వీడన్‌లో తుంటి పూర్తిగా జారిపోవడం చాలా అరుదైంది. మన దగ్గర నడవలేని పిల్లలకు తుంటి ఎక్స్‌రే అడిగేవారు తక్కువ. తరచూ నొప్పితో రాత్రిళ్లు ఏడవడం మొదలయ్యాకే తీస్తారు. అప్పటికి చిన్న ఆపరేషన్‌తో పోయే దశ దాటిపోతుంది.

స్టెమ్ సెల్ ప్రకటనలు

సెరిబ్రల్ పాల్సీకి స్టెమ్ సెల్ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు తప్ప మిగతావాటికి దీన్ని నిరూపితమైన చికిత్సగా అందించకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆమోదం పొందిన పరిశోధనలో భాగంగా అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ప్యాకేజీ రేటు చెప్పి, అడ్వాన్సు కట్టమంటే అది పరిశోధన కాదని అర్థం చేసుకోవాలి. పొలం అమ్మి ఆ డబ్బు కట్టే కుటుంబాలకు ఈ ఒక్క మాట ముందే చేరాలి. అదే డబ్బుతో ఏళ్ల తరబడి ఫిజియో నడుస్తుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి

ప్రభుత్వ రంగంలో పిల్లలకు నీలోఫర్, పెద్దలకు గాంధీ, ఉస్మానియా, నరాల, ఎముకల విభాగాలు రెండూ ఉన్న పంజాగుట్ట నిమ్స్ తెలిసిన పేర్లే. ఎదుగుదల లోపాల అంచనాకు, థెరపీ శిక్షణకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధోవైకల్యం ఉన్నవారి కోసం కేంద్రం నడిపే జాతీయ సంస్థ) ఉంది. జిల్లా స్థాయిలో చిన్నపిల్లల కోసం ముందస్తు గుర్తింపు కేంద్రాలు పనిచేస్తున్నాయి. న్యూరాలజిస్టు, న్యూరోసర్జన్, ఎముకల సర్జన్, ఫిజియోథెరపిస్టు ఒకే గదిలో కూర్చుని ఒకే పిల్లవాణ్ని చూసే క్లినిక్ దొరికితే అన్నింటికన్నా మేలు. దొరకకపోతే ప్రతి డాక్టరు రాసిన కోణాలు, స్థాయి, ఎంఆర్‌ఐ అన్నీ ఒకే ఫైలులో పెట్టి తర్వాతి డాక్టరుకు చూపడం తల్లిదండ్రుల పని అవుతుంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అంత మాత్రాన ప్రతి ఆపరేషనూ, ప్రతి పరికరమూ అందులో వస్తాయని అనుకోకూడదు. అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఆపరేషన్ పేరు కాగితం మీద రాయించుకుని అడగాలి. పథకాలు ఆపరేషన్‌కు డబ్బిచ్చినా, ఆ తర్వాత రోజూ జరగాల్సిన ఫిజియోకు ఇవ్వకపోవచ్చు. ఆ లోటును కొంతవరకు పూడ్చేది కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులూ అందులో ఉన్నాయి. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని గుర్తించింది కాబట్టి, ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తున్న నెలల్లోనే ఆ పత్రం పని పూర్తిచేసుకోవచ్చు.

సొంత మండలంలో ఫిజియోథెరపిస్టు ఉన్నారా అన్నది కూడా అదే సమయంలో కనుక్కోవాలి. లేకపోతే ఇంట్లో తల్లికో, అమ్మమ్మకో వ్యాయామాలు నేర్పించి, వాటిని ఫోన్‌లో వీడియో తీసుకునే వరకు డిశ్చార్జి వాయిదా వేయమని అడగవచ్చు. ఎస్‌డీఆర్ అయినా, పంపు పెట్టినా, టెండన్ సాగదీసినా పిల్లవాడి ఎముకలు పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఎదుగుదల ఆగేవరకు డాక్టరు చెప్పిన వ్యవధిలో తుంటి, వెన్ను ఎక్స్‌రేలు తీయిస్తూ ఉండాలి.